దుప్పటి మడతపెట్టిన నాలుగు నిమిషాలు

అక్టోబరు 16, బుధవారం
సదస్సు మూడో రోజు

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారములు. ఇక్కడ నేనూ, నా జలుబూ క్షేమం. అక్కడ మీరూ, అక్కయ్యా, మీ కోపమూ క్షేమమని తలుస్తాను.

ఆరు నెలలుగా మన సంభాషణలన్నీ అక్కయ్య ద్వారానే సాగుతున్నందున, నేరుగా రాసే సాహసాన్ని మన్నించగలరు. ఆఫీసులో మీకు పైఅధికారినే గాని, ఇంట్లో మీ ముందు కాలు మీద కాలు వేసుకోలేని బావమరిదిని.

ప్రజా టెలివిజన్ నిర్మాతల ఈ అంతర్జాతీయ సదస్సుకు నలభై దేశాలవారు వచ్చారు. అందరిదీ ఒకటే గోడు: ప్రేక్షకులు తక్కువ, కమిటీలు ఎక్కువ. మన కష్టాలు ఇంత అంతర్జాతీయ స్థాయివని తెలిసి గర్వించాను. ఇక్కడొక మెచ్చదగిన ఆచారం ఉంది. ప్రదర్శన ముగిశాక నిర్మాతను వేదికపై కూర్చోబెట్టి, పది నిమిషాలు నోరు మెదపనివ్వరు, చూసినవారే మాట్లాడతారు. మన సంస్థలో దీనికి సరిగ్గా విరుద్ధమైన ఆచారం అమలులో ఉన్నది.

ఆస్పత్రి లాండ్రీ ఆవిడపై మనం తీసిన చిత్రాన్ని నిన్న వేశారు. ఆవిడ ఒంటరిగా దుప్పటి మడతపెట్టే నాలుగు నిమిషాల మీద నేను శ్రమ ఔన్నత్యం గురించి స్వయంగా వ్యాఖ్యానం చదివాను గదా. “ఆవిడ పని ఆవిడ చేసుకుంటోంది, మధ్యలో నీ గోలేంటయ్యా?” అని ఎడిటింగ్ గదిలో అందరి ముందూ ఎడిటరుగా మీరు సెలవిచ్చారు. “ఈ కుర్చీలో ఉన్నది మీరా, నేనా?” అని నేనన్నాను. మర్నాడే పాత టేపుల గోదాముకు బదిలీ కోరుతూ మీరు అర్జీ పెట్టారు.

నిన్న విచారకరమైన సాంకేతిక లోపం సంభవించింది. వ్యాఖ్యానమున్న మొదటి ట్రాకును వదిలేసి, సహజ శబ్దాలున్న రెండోదాన్నే ఆపరేటరు వేశాడు. గుడ్డ దులిపిన చప్పుడు. ఆవిడ ఊపిరి. అంచులు కలిపేముందు మరక పోయిందో లేదోనని దుప్పటిని వెలుతురుకు పట్టి చూసుకుంటుంది. ఆ చూపు మన చిత్రంలో ఉందని ఇంతకాలం ఎవరికీ తెలియదు. దాని మీద నా వాక్యం ఉండేది. మూడు వందల మందిలో ఒక్కరూ దగ్గలేదు, జలుబుతో ఉన్న నాతో సహా.

పది నిమిషాలూ ఆ నాలుగు నిమిషాల గురించే మాట్లాడారు. ఆఖరున నెరిసిన జుట్టు నిర్మాత ఒకావిడ లేచి, ఆ దృశ్యం మీద మాట్లాడకూడదన్న తెలివి ఎవరిదని అడిగింది. సంస్థ గౌరవానికి తగిన సమాధానం ఇచ్చాను.

అక్కయ్యకు నమస్కారాలు.

ఇట్లు,
మీ పైఅధికారి హోదాలో ఉన్న
బావమరిది

తా.క. పై నివేదికకు ఒక సవరణ. ఆపరేటరు తప్పేమీ లేదు. ఉదయం ధ్వని పరీక్షలో “రెండు ట్రాకులూ వెయ్యమంటారా?” అని అతడు అడిగితే, మొదటిది ఆపమన్నది నేనే. ఆరు నెలలుగా తలుపు వేసుకుని నేను ఈ చిత్రాన్ని చూస్తున్నది కూడా అలాగే. ఆ నెరిసిన జుట్టు ఆవిడకు ఇచ్చిన సమాధానం “మా బావగారిది” అని. మీ అర్జీ మీద సంతకం పెట్టాను గాని పంపలేకపోయాను. అది నా బల్ల కుడి సొరుగులో ఉంది. తాళంచెవి అక్కయ్యకు ఇచ్చి వచ్చాను. పంపుతారో, చింపుతారో మీ ఇష్టం. ఎక్కడ కత్తిరించాలో నాకంటే మీకే బాగా తెలుసు.