రెండు తాళాల రిక్వెస్ట్

మార్చి 3

మా రాజపాళయం ఆఫీసులో ఈ రోజు నుంచి పోటీ. ఫైళ్లు దాచుకునే మా యాప్‌లో పాస్‌వర్డ్ మరిచిపోతే మేం కూడా తెరవలేం. ప్రైవసీ అని గొప్పగా చెప్పుకునేది దాన్నే. సత్రపట్టి బాలుసామిగారు పొలం పట్టాలన్నీ అందులో పెట్టి, పాస్‌వర్డ్ మరిచి, మూడు రోజులుగా ఫోన్‌లో ఏడుస్తున్నారు. ఇకపై ఎవరికీ ఇలా కాకుండా దారి చెప్పమని, కస్టమర్లు కావలసినవి రాసి ఓట్లేసే రిక్వెస్ట్ బోర్డులో స్టాఫ్‌నీ రాయమన్నారు మా రఘురామ సార్. ఎక్కువ ఓట్లు ఎవరికి పడితే ఆ పనికి వాళ్లే లీడ్.

నాది సిద్ధం. మా అవ్వ ఇనప్పెట్టెకు రెండు తాళాలు. ఒక తాళంచెవి నాయనది, ఇంకొకటి చిన్నాయనది. ఇద్దరూ వస్తేనే తెరుచుకుంటుంది. యాప్‌లోనూ అంతే, నమ్మకస్తులు ఇద్దరు ఒప్పుకోవాలి. రాసేశాను.

మార్చి 4

నాతోపాటు పనిచేసే సుగన్య కూడా రాసింది. తళవాయిపురం బస్సులో కూర్చుని రాసిందట. ఒక్క నామినీ ఒప్పుకుంటే చాలట. నాలుగే వాక్యాలు.

మార్చి 9

ఆమెకు 213. నాకు 2. అందులో ఒకటి నాదే. రెండోది ఎవరిదో, పేర్లు మాకూ కనబడవు.

కడుపు మండిపోతోంది. ఇద్దరం ఒకే రోజు చేరాం. సార్ ఆమె టేబుల్ దగ్గర నిలబడి కాఫీ తాగారు. నా దగ్గర ఏనాడూ నిలబడలేదు. ఆమె నాకు కారాసేవు పెట్టింది. తిన్నాను కూడా.

మార్చి 11, మధ్యాహ్నం 3

ఒకేలాంటి రిక్వెస్టులను కలపడం నా డ్యూటీ. పాతది మిగులుతుంది, కొత్తదాని ఓట్లు దానికి చేరతాయి. నాది ఒక రోజు పాతది. రెండూ ఒకటి కాదని నాకు బాగా తెలుసు. మెర్జ్ నొక్కాను.

215 రావాలి. 214 చూపించింది. రెండింటికీ ఓటేసిన మనిషిని అది ఒక్కసారే లెక్కపెడుతుంది. ఎవరబ్బా?

మార్చి 12

లీడ్ నేనే. సార్ భుజం తట్టారు. సుగన్య తన రిక్వెస్ట్ ఏమైందని అడగలేదు. నా టేబుల్ దగ్గరికి వచ్చి మెల్లగా అంది.

"నాది రాసినాక నీది చదివి, ఆ దినమే ఓటేసినాను యశ్వంత్. రెండు తాళాలే మేలని అప్పుడే అనుకున్నాను."

ఇప్పుడు ఆమె మనసు చూసి కుళ్లుకుంటున్నాను. ఛీ.

మార్చి 13

మెర్జ్ చేసినవాటిని విడదీసే వీలు మా టూల్‌లో లేదు. ఆ వీలు కల్పించమని బోర్డులో నా పేరుతోనే రిక్వెస్ట్ పెట్టాను.

ఐదు నిమిషాల్లో ఒక ఓటు పడింది.