అరిగిన ఆఫీసు బూట్లు

అక్కా, ఇక్కడ అందరం క్షేమం. కంప్యూటర్ ఉద్యోగం వదిలేసి పార్టీ జెండా పట్టుకుని వీధులు తిరుగుతున్నాడని నీ కొడుకు గురించి దిగులు పడకు. వాడు బాగానే ఉన్నాడు, బాగోనిది నేనే.

మొన్న మన చెప్పుల షాపుకి బడి పెద్ద మేడమ్ వచ్చింది. ఏటా పిల్లలందరి బూట్లూ మన దగ్గరే తీసుకుంటుంది. సరిగ్గా అప్పుడే వీడు మెడలో కండువా, చేతిలో కరపత్రాలతో లోపలికొచ్చాడు. "వీళ్లకి పనీపాటా ఉండదు. మీకు తెలిసినబ్బాయా?" అందావిడ. బేరం పోతుందేమోనని, "అబ్బే, ఎవరోనండీ, ఇలాంటోళ్లు బోలెడుమంది వస్తారు" అనేశాను. వాడు విన్నాడక్కా. ఒక కాగితం కౌంటర్ మీద పెట్టి, "వీలుంటే చదవండి సార్" అని వెళ్లిపోయాడు. చంకనేసుకుని తిప్పిన మావయ్యని పట్టుకుని సార్ అన్నాడు! తలెత్తలేక వాడి కాళ్లకేసే చూశాను. ఆఫీసు బూట్లు తిరిగి తిరిగి మడమ దగ్గర పూర్తిగా అరిగిపోయాయి.

వాడి సైజులో మెత్తటి జత తీసి పక్కన పెట్టాను. వాడి గదికి పట్టుకెళ్దామంటే మొహం చెల్లడం లేదు.

అన్నట్టు, బావ మోకాలి నొప్పి తగ్గిందా? నేను పంపిన చెప్పులే వేసుకోమను. చిన్నదాని పాదం కాగితం మీద గీసి పంపు, బూట్లు పంపిస్తాను. బావకి దండాలు, దానికి ముద్దులు.

వాడు నీకు ఫోన్ చేస్తే నా గురించి ఏమన్నాడో రాయి. తిడితే తిట్టనీ. కానీ మావయ్య అని తిట్టాడో, షాపాయన అన్నాడో, అది మాత్రం దాచకు.

నీ తమ్ముడు