మూడో జత బల్బులు

బావమరిదికి,

నాలుగు రోజులు ముసురు పట్టింది. ఇవాళ తెరిపి ఇచ్చింది గనక టమాటాలు కోయించాను. రేపు పక్క పొలం వాళ్ళ ఆటోలో మార్కెట్‌కు పంపుతాను.

కారు లైట్లకు ఇంకా ఎక్కువ వెలుగిచ్చే బల్బులు పంపుతానన్నావు. పంపవద్దు. మీ అక్క పోయిన దగ్గర్నుంచి తెల్లవారుజామున మార్కెట్‌కు వెళ్తుంటే రోడ్డు కళ్ళకు ఆనడం లేదని రెండు జతలు మార్పించాను. రెండో జతకి ఎదురొచ్చే లారీవాళ్ళు బండి ఆపి మరీ తిట్టారు. నాకు మాత్రం రోడ్డు మసకగానే ఉంది.

మళ్ళీ వెళితే మెకానిక్ షెడ్డు తలుపులు మూసి, లైట్లు గోడ మీద వేసి, "ఇటుకలు ఎన్ని వరసలున్నాయో చెప్పండి పెద్దాయనా" అన్నాడు.

"సున్నం కొట్టిన గోడకి ఇటుకలెలా కనిపిస్తాయయ్యా?" అన్నాను.

"ఆ గోడకి సున్నం ఎప్పుడు కొట్టాను? బల్బులు బాగానే ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఎలా నడిపారు?"

మీ అక్క రోజూ పక్క సీట్లో కూర్చుని "అదిగో గుంత, అదిగో మలుపు, సైకిలొస్తోంది" అంటూనే ఉండేది. "నాకు కళ్ళు లేవా? నోరు మూసుకో" అనేవాణ్ణి. మూసుకునేది, మళ్ళీ మలుపు వచ్చేదాకా. నా చూపు సంగతి ఆవిడకు తెలుసు. ఒక్కనాడూ పైకి అనలేదు.

పోయిన చూపు తిరిగి రాదని కళ్ళ డాక్టరు చెప్పాడు. కారుని ఆ మెకానిక్‌కే ఇచ్చేశాను. సోమవారం పొద్దున పది గంటలకు వచ్చి, నడుపుకుంటూ వెళ్ళాడు.

మీ బావ