కొసరు నీళ్ళు

చిరంజీవి అబెనా సార్ఫోవాకు మేనమామ అంపాబెంగ్ దీవించి రాసేది.

అమ్మాయ్, ఎండుగాలి మొదలైంది. ఊరి చేతిపంపు చచ్చింది. ఆడవాళ్ళు గొడ్లు దిగిన వాగు నీళ్ళే తోడుతున్నారు. నీ అక్క కూతురు అకువా వాంతులూ విరేచనాలతో ఆస్పత్రిలో ఉంది. నువ్వు కుమాసీలో నీళ్ళ ప్యాకెట్లు అమ్మి మేడ కట్టావు, బోరు లారీ కొన్నావు. మనూరికో బోరు ఊరికే వేయించు. మనూరి రాజుగారు నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని గొర్రెను కోయిస్తామన్నారు.

ఇట్లు, మామయ్య.

తా.క. గొర్రెను కూడా నువ్వే కొనిపంపాలి.

మామయ్యకు అబెనా నమస్కారాలు.

ఆ పంపూ ఎవరో ఊరికే ఇచ్చిందే కదా! వాషరు అరిగితే చందాల కోసం మీటింగు పెట్టారు, మీటింగులో కల్లు తాగారు, పంపు చచ్చింది. అందరిదీ అంటే ఎవరిదీ కాదు. బోరు వేస్తాను, బకెట్టుకింతని అమ్ముతాను. నాకు లాభమున్నన్నాళ్ళూ దాన్ని చావనివ్వను. అకువా మందులకు డబ్బు మనూరొచ్చే ట్రోట్రో బండి డ్రైవరు చేతికిచ్చాను.

నీ అబెనా.

తా.క. కొసరు లేదు. మనూరి ఆడవాళ్ళు శవపేటిక కొన్నా కొసరడిగే రకం.

అబెనాకు,

ఈసారి దీవెనల్లేవు. పిల్ల అక్కడ కళ్ళు తేలేస్తుంటే నువ్వు దాహానికి ధర కడతావా? దురాశ దుఃఖానికి చేటు. నీతో మాకు పనిలేదులే. నీ పక్క పీట మీద నీళ్ళ ప్యాకెట్లే అమ్మే యా బిరాగో నిన్న వచ్చి స్థలం చూసుకెళ్ళింది. నీ ధరలో సగానికే ఇస్తానంది.

అంపాబెంగ్.

తా.క. కొసరు కూడా ఇస్తుందట.

మామయ్యా,

బిరాగో నిజంగా వచ్చిందా? ఏ బట్ట కట్టింది? ఎవరితో వచ్చింది? దాన్నే అడిగితే "ఆ ఊరెక్కడుందో నాకేం తెలుసే!" అంది. నా లారీ బయల్దేరింది. బోరుకు రాయి తగిలినా ఆపొద్దన్నాను. నా ధర దాని ధరలో సగం. దాన్ని పొలిమేర దాటనివ్వకు.

అబెనా.

తా.క. బకెట్టుకు చెంబు కొసరు. ఇంక అడగొద్దు.

బంగారుతల్లి అబెనాకు వేయి దీవెనలు.

నీళ్ళు పడ్డాయి! అకువా ఇంటికొచ్చి ఫుఫూ పెట్టమని గోల చేస్తోంది. ఇప్పుడు నిజం చెబుతున్నా, తిట్టకు. బిరాగో రానేలేదు. నీ ఆశను కదిలించడానికి పోటీదారు ఉండాలని నేనే అల్లాను. ఇద్దరు ఆశపోతులు కొట్టుకుంటే ఊరు బాగుపడుతుంది మరి!

ఇట్లు, మామయ్య.

తా.క. ఆడవాళ్ళు చెంబు నీళ్ళు కొని బకెట్టు కొసరడుగుతున్నారు.

మామయ్యకు నమస్కారాలు.

అకువా బతికింది, అంతకంటే ఏం కావాలి. కానీ ఎంత పని చేశావు! బిరాగో నాకు పోటీ కాదు, పొత్తుదారు. ఇన్నేళ్ళూ మాది ఒకే గల్లాపెట్టె, ఒకే గిన్నెలో చేతులు పెట్టి తిన్నాం. నీ ఉత్తరం చూసి దొంగా అన్నాను. ఒట్టేసినా నమ్మలేదు. నేను చెప్పకుండా లారీ పంపేసరికి మీ ఊళ్ళో ఏదో పెద్ద లాభముందనుకుని పొత్తు తెంచుకుంది. పొద్దున బాడుగ లారీతో అక్కడికే బయల్దేరింది. ఊరి అవతలి కొసన బోరు వేసి నాకంటే తక్కువకిస్తుందట. మీకు రెండు బోర్లు. నా పక్క పీట ఖాళీ. ఏడుపొస్తోంది మామయ్యా.

అబెనా.

తా.క. దానికి కారం పడదు. సూపులో కారం తగ్గించి వేయించు. నేను చెప్పానని మాత్రం దాని బోరులో నీళ్ళు పడేదాకా అనకు. వింటే కోపం కరిగి, బోరు మధ్యలో వదిలేసి వెనక్కి వచ్చేస్తుంది.