హరిలాల్ నలభై ఒక్క సిక్సులకు నా సాక్ష్యం

వరంగల్ జిల్లా కేసముద్రంల ఉంటూ, ఊరూర తిరిగి వాక్యం చెప్పే దేవదాసు అను నేను, వయసు అరవై ఎనిమిది, సొంత చేత్తో రాసుకున్న వీలునామా. దవాఖానల డాక్టరు ఊపిరితిత్తులు పాడైనయన్నడు గని బుద్ధి పాడైందనలేదు. ఎవరి బలవంతానికీ లొంగి రాయలేదు. బలవంతం చేసినోళ్లున్నరు, వాళ్ల సంగతి మూడో అంశంల ఉన్నది. దీన్ని నా బిడ్డ భాగ్య అమలు చేయాలె.

1. ఇల్లు, రెండు మేకలు నా భార్య చిలుకమ్మకు. కారే మూలను బాగుచేస్తనని పదకొండేండ్లు ప్రసంగమే చేసిన. ఆమె క్షమించాలె.

2. మైకు, బ్యాటరీ భాగ్యకు. ఆడపిల్ల వాక్యం చెప్పుడేందని సంఘ పెద్దలంటే సౌండు ఇంకింత పెంచాలె.

3. ఈ ఏడాది కమిటీ పైసలిచ్చి ఆటగాళ్లను తెచ్చి ఆడించిన టెన్నిస్ బాల్ క్రికెట్ కప్పుకు లెక్క రాసింది నేను. సీజనంతట ఎక్కువ సిక్సులు కొట్టినోణ్ణి హైదరాబాద్ టీం జీతమిచ్చి తీసుకుంటది. జాబితా మీద నా సంతకం ఉంటేనే చెల్లుతది. సకల జనుల సమ్మెల బండ్లు ఆపినప్పుడు ఒక మ్యాచు నడిరోడ్డు మీదనే ఆడించినం. కొబ్బరికాయ కొట్టింది కమిటీ ప్రెసిడెంటు కనకయ్యనే. ఆ రోజు బయ్యారం దిక్కు తండా నుంచి వచ్చిన హరిలాల్, హమాలీ జమ్లీ కొడుకు, ఆరు సిక్సులు కొట్టిండు. తన అల్లుడు ధర్మేందర్ వెనుకబడంగనే కనకయ్య మాట మారింది: "ఏందే దేవదాసూ, రోడ్డు మీద ఆడింది గూడ ఆటేనా? ఆ ఆరు లెక్కలకెల్లి కొట్టెయ్ రాదు!"

రోడ్డు మీద కూసుంటేనే తెలంగాణ వస్తదన్న నోరే అది. రోడ్డు మీద ఉద్యమం చెల్లుతది గని, తండా బిడ్డ కొట్టిన సిక్సు చెల్లదా? అబద్ధ సాక్ష్యం వద్దని రాతిపలక మీద రాసిచ్చిన దేవుడు కమిటీ ప్రెసిడెంటును మినహాయించలేదు. ఆ ఆరు తీసేసిన జాబితా మీద నేను సంతకం పెట్ట.

నా తప్పు గూడ రాస్తున్న. అదే మ్యాచుల పోలీసు జీపు రాంగనే కండ్లు మూసి ప్రార్థనకు దిగిన. ఆమెన్ అని తెరిచేసరికి జనం ఈలలేస్తున్నరు, హోటల్ రాధాబాయి తిడుతున్నది. హరిలాల్‌ది ఏడో సిక్సు అన్నరు. నేను చూడలే. చూడనిది రాయలే.

4. నా చెయ్యి వణుకుతున్నదని, వేలిముద్రన్న వేయమని కనకయ్య సిరా డబ్బా పంపిండు. అది ఆయనకే రాసిస్తున్న. ప్రాణం పోంగనే నా రెండు చేతులకు భాగ్య బట్ట చుట్టాలె. బొంద పెట్టేదాక ఎవరినీ విప్పనియ్యొద్దు.

5. నా గొడుగు ధర్మేందర్‌కు. ఆ పిలగాని ముప్పై ఎనిమిదీ కష్టపడి కొట్టినవే. మామ చేసిన పనికి ఆయన తడవొద్దు.

6. వెనక తెల్ల కాగితాల మీద లెక్క రాసిన నా పరిశుద్ధ గ్రంథం హరిలాల్‌కు. ఆయన సేవాలాల్‌ను మొక్కుతడు, మొక్కనీ. లెక్క మాత్రం భద్రంగ ఉంచుకోవాలె.

సీజన్ జాబితా: హరిలాల్ 41, ధర్మేందర్ 38, శివాజీ 29.

కింద పెట్టే సంతకం నా ఆస్తికీ, ఈ జాబితాకూ కలిపే. కాదనేటోళ్లు కోర్టుకు పోయి, రోడ్డు మీద ఆడలేదని ప్రమాణం చేసి చెప్పాలె.

2011 నవంబరు 20, ఆదివారం, కేసముద్రం.

(సంతకం) దేవదాసు

సాక్షులు:
తుల్సీరాం, ట్రాక్టర్ డ్రైవరు (సంతకం)
రాధాబాయి, చాయ హోటల్ (సంతకం). దేవదాసన్న ముందటనే రాస్తున్న: నలభై రెండు. ఏడోది నా చాయ గిన్నెల పడ్డది.