పొన్నరేవు బడిలో పుస్తకాల గదికి వేసిన తాళం గురించి

మండల విద్యాశాఖాధికారి గారి సముఖమునకు, పొన్నరేవు ఉన్నత పాఠశాల సోషల్ టీచరు కె. ప్రిస్కిల్లా వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పిల్లలకు నేను సూచించిన పుస్తకాలు ఉన్న గదికి తాళం తీయించవలసినదిగా ప్రార్థన.

1. ప్రపంచ సమస్యలపై విద్యార్థులకు అవగాహన కల్పించవలెనని తమ కార్యాలయపు సర్క్యులరు వచ్చిన మీదట, నేను కొన్ని పుస్తకాలు, వీడియోలు ఎంచి పిల్లలకు సూచించితిని. భూమి వేడెక్కడం, సముద్రం పెరగడం, ఊళ్ళు వదిలిపోయే జనం, ప్రశ్నలు అడుగుతూ నేర్చుకోవడం, ఇవీ అందులోని సంగతులు. స్నేహితులు ఇచ్చినవి కొన్ని, నరసాపురంలో నేను కొన్నవి కొన్ని. వంటషెడ్డు పక్కన ఖాళీగా ఉన్న గదిలో పెట్టి, శనివారం మధ్యాహ్నాలు చదివించేదానిని.

2. తొమ్మిదో తరగతి నాగదుర్గ, చేపలవేటకు వెళ్ళే రాముడి కూతురు, ఎక్కడో మునిగిపోతున్న దీవి గురించి చదివి, "టీచరండీ, మా వీధి కూడా ఇలాగే పోతుందాండీ?" అని అడిగినది. నాకు తెలియదంటిని. పెద్దవాళ్ళను అడగమంటిని. ఆ పిల్ల తన నాయనమ్మ శ్యామలాంబను ఒడ్డుకు తీసుకువెళ్ళి, మునుపు ఇళ్ళు ఎక్కడిదాకా ఉండేవో చెప్పించుకుని పటం గీసినది. ఆ పాత వీధులన్నీ ఇప్పుడు నీళ్ళలో ఉన్నవి. పటాన్ని గది గోడకు అంటించితిమి. అంత ఇష్టంగా నేర్చుకున్న పిల్లను నా సర్వీసులో చూడలేదు.

3. ఊళ్ళో ఇళ్ళస్థలాలు అమ్మే హరిబాబు గారు ఆ పటం చూసి, "ఊరు మునిగిపోద్దని పిల్లల చేత రాయిస్తారేంటండీ? రేపు మా స్థలాలు ఎవరు కొంటారండీ?" అని కేకలు వేసి, తమకు ఫిర్యాదు చేసిరి. తమ సిబ్బంది వచ్చి, సదరు పుస్తకాలు ఏ ఆమోదిత జాబితాలో ఉన్నవని అడిగిరి. ఏ జాబితాలోనూ లేవు. విచారణ ముగియువరకు గదికి తాళం వేసిరి. ఆ రోజే రాముడు కూడా వచ్చి, మన వీధి మునిగిపోతుందని ఇంట్లో చెప్పినందుకు కూతుర్ని అందరి ఎదుట కసిరి ఇంటికి తీసుకుపోయాడు. నేను ఆపలేకపోయాను.

4. మొన్నటి తుఫానులో సముద్రం వాళ్ళ వీధిలోకి వచ్చి రాముడి ఇల్లు కూల్చింది. మనుషులు బతికారు. ప్రస్తుతం ఆ కుటుంబం మన బడి వరండాలో, తాళం వేసిన గది ముందే ఉంటున్నది. నిన్న రాముడు నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"టీచర్ గారండీ, అప్పుడు పిల్ల చెప్తే తిట్టానండీ. ఆ పుస్తకం ఇప్పించండి, చదివి చెప్తది. ఇక్కణ్ణుంచి మేం ఎక్కడికెళ్ళాలో అందులో రాసుంటదాండీ?"

అయ్యా, ఆ పుస్తకాలన్నీ నేను చదివినవే. సముద్రం ఎందుకు పెరుగుతుందో రాశారు. రాముడు ఎక్కడికి వెళ్ళాలో రాయలేదు. తాళంచెవి తమ కార్యాలయంలో ఉందని చెప్పి తప్పించుకున్నాను. నాగదుర్గ మా ఇద్దరినీ చూస్తూ కూర్చుంది.

కావున తమరు దయతలచి, నా ఈ మొర చిత్తగించి, తాళంచెవి పంపించవలెను.

తమ విధేయురాలు,
కె. ప్రిస్కిల్లా

తా.క.: గది తెరిస్తే రాముడికి నిజం చెప్పాల్సి వస్తుందని భయంగానూ ఉందండి. ఎక్కడికి వెళ్ళాలో చెప్పే పుస్తకం తమ ఆమోదిత జాబితాలో ఏదైనా ఉంటే, దయచేసి పేరు రాయండి. ఈ రోజు వరండాలో రాముడికి ఎదురుపడకుండా, నేను వెనక గేటు నుంచి బడిలోకి వచ్చాను.