నీ పేరున వచ్చిన మగ్గం

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన నగరి నేతగాళ్లకు సర్కారు కొత్త మగ్గాలు ఇవ్వాలని నువ్వు మూడేళ్లు చిత్తూరు ఆఫీసుల చుట్టూ తిరిగావు కదా, అవి మొన్న వచ్చాయి. వాటితో వచ్చిన ఇన్‌స్పెక్టరు జాబితాలో మొదట నీ పేరే పిలిచాడు.

"మా యన్న చచ్చిపోయినాడు సారూ," అన్నాను.

"అయితే ఈ మగ్గం వాపసు పోవాల్సిందే," అన్నాడాయన.

గుంపులోంచి వదిన ముందుకొచ్చింది. "నా పేరు రాసుకోండి సారూ."

"నూలు చుట్టడం వేరు, నేయడం వేరమ్మా."

"ఆయన మంచాన పడినాక ఆర్నెల్లు నేసింది నేనే. వచ్చి సూడండి."

వదిన ఇన్‌స్పెక్టరును ఇంటికి తీసుకెళ్లి, మీ పాత మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని, అందరి ముందూ జానెడు గుడ్డ నేసింది. మంచాన పడకముందే నువ్వు నేసిపెట్టావనుకుని, నీ చేతి నేత అని చెప్పి ఆ ఆర్నెల్లూ నేను పుత్తూరు సంతలో అమ్మిన చీరలు ఆమె నేసినవని నాకు అప్పుడే తెలిసింది. నువ్వైనా ఒక మాట చెప్పి ఉండాల్సింది.

ఇన్‌స్పెక్టరు ఆ గుడ్డను వేళ్లతో తడిమి చూశాడు. జాబితా తీసి, నీ పేరు కొట్టేసి, పైన ఆమె పేరు రాశాడు.

ఆయన నీ పేరు కొట్టేస్తున్నంతసేపూ వదిన గోడవైపు చూస్తూ నిలబడింది.

నీ తమ్ముడు